తేలికపాటి గాలం

చీరల కొట్లో రెండు గంటలు కూర్చుని, కొట్టువాడి చేత గుట్టలు గుట్టలుగా చీరలు విప్పించి, చివరికి ఒక్కటీ నచ్చక లేచి వచ్చిన సందర్భాలు నా జీవితంలో లేకపోలేదు. అలాంటప్పుడు మావారి మొహం ఎలా ఉండేదో నేనెప్పుడూ పట్టించుకోలేదు. పోయిన ఏడాది ఏప్రిల్లో, టెక్సాస్‌లో, ఒక గాలాల కొట్లో మా అన్నయ్య ఇరవయ్యో కర్ర అందుకుని గాల్లో ఊపి చూస్తున్నప్పుడు ఎదురుగా అద్దంలో నా మొహం నాకే కనిపించింది. అచ్చం మావారే!

గాలాల కొట్టేమిటి అంటారా? ఉందండీ. మన వైపు పెద్ద బట్టల దుకాణం ఎంతుంటుందో అంత ఉంది. వెదురు కర్ర, దారం, ముల్లు, జీలుగు బెండు ముక్క – గాలమంటే ఇంతే అనుకునే కాలవ గట్టు మనిషిని నేను. అక్కడ కర్రలే వందలున్నాయి. పెళ్లిపందిరికి తెచ్చిన గుంజల్లాగా నిలువునా నిలబెట్టారు. వాటికి బిగించే రీళ్లు నగల్లాగా అద్దాల బీరువాల్లో ఉన్నాయి. ఇక ఎరల సంగతి చెప్పక్కర్లేదు. ఊదా రంగు రబ్బరు వానపాములు, పుచ్చకాయ రంగు వానపాములు, మెరుపులు చల్లిన వానపాములు! చేపలకీ మ్యాచింగు కావాలన్నమాట.

అసలు సంగతి అన్నయ్య భుజం. షుగరున్న వాళ్లకి భుజం బిగుసుకుపోవడం మామూలేనట. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. చొక్కా తొడుక్కోవాలంటే వదిన రావాలి. తలుపు పైన గిలక తగిలించుకుని, తాడు రెండు కొసలూ పట్టుకుని, మంచి చేత్తో కిందికి లాగుతూ జబ్బు చేతిని పైకి లేపుతూ రోజూ వ్యాయామం చేస్తాడు. నేను వెళ్లిన మొదటిరోజు పొద్దున్నే ఆ కిర్రుకిర్రు విని గదిలోంచి బయటికొచ్చాను.

"మన నుయ్యి గుర్తుకొచ్చిందా?" అన్నాడు నవ్వుతూ.

గుర్తుకొచ్చింది. కానీ నేను నవ్వలేదు. అన్నయ్యకీ నాకూ మధ్య 2020 మే నెల నుంచీ ఒక మాట నిలిచిపోయి ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

అన్నయ్యకి ఒక పడవ ఉంది. పడవంటే ఏదో అనుకునేరు. పన్నెండడుగుల అల్యూమినియం తొట్టి. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, ఇద్దరు కూర్చుంటే సరి. పక్కింటి ముసలాయన ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ అమ్మాడు. దాంతోపాటు తన పాత గాలం ఉత్తినే ఇచ్చాడు. ఏడడుగుల లావుపాటి కర్ర, దాని మీద ఎర్రటి గుండ్రటి స్వీడన్ రీలు. దాన్ని ఎత్తి చూశాను. అప్పడాల కర్రకి ఇస్త్రీపెట్టె కట్టినట్టుంది. ఔన్సు బరువు ఎర కట్టి, నడుం తిప్పి, భుజమ్మీదుగా విసిరితేగానీ దానికి పని జరగదు. భుజమే లేదు కదా! ఏడాదిగా పడవ గరాజులో బోర్లా పడుకుని ఉంది.

"నువ్వైనా చెప్పు మీ అన్నయ్యకి, అది అమ్మెయ్యమని. చేపలు కావాలంటే షాపులో శుభ్రంగా ముక్కలు కోసి ఇస్తారు" అంది వదిన, ఎడమచేత్తో బెండకాయలు చకచకా తరుగుతూ. వడ్డించేటప్పుడు మాత్రం కుడిచెయ్యే వాడుతుంది. పుట్టింట్లో వాళ్ల నాయనమ్మ మొట్టికాయలు మొట్టి నేర్పిందట.

నేను వదిన పక్షం వహించాలనే అనుకున్నాను. కానీ అన్నయ్య గరాజులో ఆ ఎర్ర రీలుకి నూనె వేసి, తుడిచి, మళ్లీ గోడకి తగిలించడం చూశాక నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"పోనీ, తేలికపాటిది కొనుక్కోరాదూ?"

అదిగో, అలా వెళ్లాం కొట్టుకి.

కొట్లో ఉన్న తెల్లగడ్డం పెద్దాయన అన్నయ్య భుజం కథంతా విని ముందు ఒక మంచి సలహా ఇచ్చాడు. స్పిన్నింగ్ రీలు కొనుక్కోమన్నాడు. అది కర్ర కింద వేలాడుతుంది. దారపు ఉండ కదలదు. విసిరినప్పుడు ఎర బరువుకి దారం చుట్టలు చుట్టలుగా దానంతట అదే జారుకుంటుంది. చిన్న ఎరలు విసరడానికీ కొత్తవాళ్లకీ అదే హాయి. నాకు వెంటనే నచ్చింది. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"బెయిట్‌కాస్టరే కావాలి."

బెయిట్‌కాస్టర్ అంటే కర్ర పైన కూర్చునే రీలు. ఇందులో తమాషా ఏమిటంటే, విసిరినప్పుడు దారపు ఉండే గిర్రున తిరుగుతుంది. ఎర వేగం తగ్గినా ఉండ తిరుగుతూనే ఉంటుంది కదా? దాన్ని ఆపాల్సింది మన బొటనవేలు. వేలు ఆనించి ఉంచాలి. ఎర నీళ్లకి తగిలే క్షణానికి గట్టిగా నొక్కాలి. ఆలస్యమైందా, దారం లోపలే పొంగి, పిచ్చుక గూడు కట్టేస్తుంది. అక్కడి వాళ్లూ దాన్ని పక్షి గూడనే అంటారు!

నూతిలో చేద వదలడం తెలిసిన వాళ్లకి ఈ విద్య ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. గిలక మీద తాడు అరిచేతిలోంచి జారుతూ ఉండాలి. చేద నీళ్లని తాకగానే బిగించాలి. ఏమరుపాటున వదిలేస్తే తాడంతా గిలక పక్కకి దిగి ఇరుక్కుపోతుంది. చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు అలా ఇరికించి నాన్న చేత చివాట్లు తిన్నానో!

ఈ రకం రీలుని మొదట తయారుచేసింది కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడని చెబుతారు. 19వ శతాబ్దం తొలి రోజుల మాట. అన్నయ్య గరాజులో ఉన్న ఎర్ర రీలు చేసిన స్వీడన్ కంపెనీ కూడా 1921లో గడియారాల పనితోనే మొదలైందట. పళ్లచక్రాల గురించి, ఆపాల్సిన క్షణం గురించి వాళ్లకి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక ఎంపిక. ముందు తేలాల్సింది ఏ చేతిదో. బెయిట్‌కాస్టర్లలో కుడిచేత్తో తిప్పేవీ ఎడమచేత్తో తిప్పేవీ వేరువేరుగా వస్తాయి. స్పిన్నింగ్ రీలుకి లాగా పిడి తీసి అటుది ఇటు పెట్టుకోవడం కుదరదు. కొన్నాక ఏడ్చి లాభం లేదు. కుడిచేతి వాటం వాళ్లు చాలామంది కుడిచేత్తో విసిరి, కర్రని ఎడమచేతిలోకి మార్చుకుని, మళ్లీ కుడిచేత్తో పిడి తిప్పుతారు. ఇదేం చోద్యమో నాకర్థం కాలేదు. అయితే అన్నయ్యకి అది కలిసొచ్చింది. కుడి భుజం లేవదు కానీ మోచెయ్యీ మణికట్టూ బాగానే ఉన్నాయి. కాబట్టి కర్రని మొదటినుంచీ ఎడమచేతిలోనే ఉంచుకుని ఎడమచేత్తోనే విసరడం, కుడిచేత్తో ఊరికే పిడి తిప్పడం. అంటే మామూలు కుడిచేతి రీలే సరిపోతుంది. కానీ యాభై ఆరేళ్ల ఎడమ బొటనవేలు కొత్తగా బడిలో చేరాలి.

"చేరుస్తాను" అన్నాడు అన్నయ్య.

తర్వాత బరువు. ఎడమచేత్తో, మణికట్టు విసురుతోనే పని జరగాలంటే ఎరా కర్రా రెండూ తేలికగా ఉండాలి. ప్రతి కర్ర మీదా పిడి దగ్గర చిన్న అక్షరాలతో అది ఎంత బరువు ఎర విసరగలదో, ఎంత దారం తట్టుకోగలదో రాసి ఉంటుంది. కళ్లజోడు తీసి దగ్గరగా పెట్టుకుని చదివాను. ఎనిమిదో వంతు ఔన్సు అంటే మూడున్నర గ్రాములు. దాదాపు మన రూపాయి బిళ్లంత. పావు ఔన్సంటే ఏడు గ్రాములు, కాసుకి గ్రాము తక్కువ. గ్రాముల్లోకి మార్చాక ఇక నాకు తిరుగులేదు. బంగారం కొట్లో తూకం చూసే ఆడదాన్ని ఔన్సులతో భయపెట్టలేరెవరూ!

పెద్దాయన ఇంకో బీరువా తాళం తీసి ముచ్చటైన బుల్లి రీలొకటి బయటపెట్టాడు. జపాను వాళ్లు కనిపెట్టిన పద్ధతట. దారపు ఉండ లోతు తక్కువ, బరువూ తక్కువ, వేలితో తాకితే చాలు గిర్రున తిరుగుతుంది. రూపాయి బిళ్లంత ఎరని కూడా బెయిట్‌కాస్టర్‌తోనే విసిరేయొచ్చు. దాన్ని చేతిలో పెట్టుకుని చూస్తే నాకు వదలబుద్ధి కాలేదు. ముక్కుపుడక లాగా ఉంది. "ఇదే తీసుకో అన్నయ్యా, ఇంతకన్నా తేలిక ఏముంటుంది?" అన్నాను.

పెద్దాయన ఏ చెరువుకి వెళతారని అడిగాడు. లేక్ ఫోర్క్ అన్నాడు అన్నయ్య. ఆయన మర్యాదగా ఆ బుల్లి రీలుని తిరిగి బీరువాలో పెట్టేశాడు.

డల్లాసుకి తూర్పున ఉన్న ఆ జలాశయంలో 1980లో నీళ్లు నిలపడం మొదలుపెట్టినప్పుడు చాలాచోట్ల చెట్లు కొట్టకుండా అలాగే వదిలేశారు. ఇప్పటికీ నీళ్లలోంచి వందలకొద్దీ మోళ్లు లేచి ఉంటాయి. బాస్ చేపలకి ఆ మోళ్లే ఇళ్లూ వాకిళ్లూ. 1992 జనవరిలో బారీ సెయింట్ క్లెయిర్ అనే ఆయన క్రాపీ అనే చిన్న చేపల కోసం గాలం వేసి కూర్చుంటే, 18.18 పౌన్ల బాస్ తగులుకుందట. అంటే ఎనిమిది కిలోల పైమాటే. టెక్సాస్ రాష్ట్రం రికార్డు అది. అలాంటి చోట వెంట్రుకవాసి దారం కడితే, చేప ఒక్కసారి మోడు చుట్టూ తిరిగిందా, దారం పుటుక్కుమంటుంది. ముల్లు నోట్లో ఉండిపోయిన చేప అలాగే పోతుంది. మనకి తేలిక కావాలని దానికి ఆ శిక్ష వెయ్యకూడదన్నాడు పెద్దాయన. ఆ మాట నాకు నచ్చింది.

కాబట్టి మరీ తేలిక కాదు, మధ్యరకం తేలిక. రెండు వందల గ్రాములు మించని చిన్న రీలు. ఆరడుగుల కర్ర. చిన్న పడవలో నీళ్లకి దగ్గరగా కూర్చునే మనిషికి అంతకన్నా పొడుగు దేనికి? పక్కవాళ్ల నెత్తి మీద కొట్టడానికి తప్ప! కొన మాత్రం మెత్తగా వంగాలి, నడుం గట్టిగా ఉండాలి. కొన వంగకపోతే తేలిక ఎర ముందుకి దూకదు. నడుం వంగిపోతే చేపని మోళ్లలోంచి ఇవతలికి లాగలేం. ఎరలు ఏడు నుంచి పది గ్రాముల లోపు. మూడు కొక్కేల ముల్లున్నవి వద్దన్నాను నేను, ఒంటి ముల్లువే తీసుకున్నాం. పన్నెండడుగుల తొట్టిలో ఇద్దరు మనుషుల మధ్య మూడు కొక్కేలు ఎగురుతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు.

దారం దగ్గర అన్నయ్య జడదారం కావాలన్నాడు. సన్నగా, ఉక్కులా ఉంటుంది. మొదట్లో నైలాను దారమే వాడమన్నాడు పెద్దాయన, పది పౌన్ల బలం చాలన్నాడు. "మొదటి నెలంతా మీరు దారం కోసి పారేస్తూనే ఉంటారు, చవకది పారేస్తే బాధ ఉండదు" అని ఆయన లెక్క. ఉండ అంచుదాకా నింపొద్దనీ, కాస్త వెలితి ఉంచమనీ కూడా చెప్పాడు. నిండుకుండ తొణకదంటారు గానీ, ఈ కుండ నిండితేనే తొణుకుతుంది.

ఆ రాష్ట్రంలో గాలం వెయ్యాలంటే లైసెన్సు ఉండాలి. చూడ్డానికొచ్చిన నాలాంటి వాళ్లకీ తప్పదు. కాలవ గట్టున పుట్టి పెరిగిన నేను గాలం పట్టుకోవడానికి లైసెన్సు తీసుకున్నానని మా ఊళ్లో చెబితే నమ్ముతారా?

మర్నాడు పెరట్లో అభ్యాసం. ముల్లు లేని రబ్బరు గుండు కట్టుకున్నాం. రీలు పక్కన ఒక మర ఉంది. ఎరని వేలాడదీసి మీట నొక్కితే, అది మెల్లగా దిగాలి. నేలకి తగలగానే ఉండ ఆగిపోవాలి. అలా వచ్చేదాకా మర బిగించాలి. అన్నయ్య తంటాలు పడుతుంటే నేను లాక్కున్నాను. కుట్టుమిషను బాబిన్ కేసుని దారంతో వేలాడదీసి ఒక్క కుదుపిస్తే కాస్త జారి ఆగాలా లేదా? అదే పద్ధతి. ఒక్క నిమిషంలో సరిచేసిచ్చాను. రెండో పక్కన అయస్కాంతాల బ్రేకు ఉంది. దాన్ని ముందు చివరిదాకా పెట్టుకుని, వేలికి పని అలవాటయ్యే కొద్దీ తగ్గించుకుంటూ రావాలి. ఎదురుగాలి ఉంటే మళ్లీ పెంచాలి.

ఆ రోజు ఇద్దరం కలిసి కట్టిన పిచ్చుక గూళ్లు పదిహేడు. నేను విసిరినది ఒకసారి నా చున్నీనే పట్టుకుంది. వదిన వంటింటి కిటికీలోంచి చూస్తూ నవ్వాపుకోలేకపోయింది.

శనివారం తెల్లవారుజామునే బయల్దేరాం. కారులో గంటన్నర. వదిన ఇద్దరి చేతా లైఫ్ జాకెట్లు ఇంటి దగ్గరే తొడిగించబోతే, కారు దిగాక తొడుక్కుంటామని ఒట్టేశాం.

ఒక మూల, మోళ్ల మధ్య పడవ ఆపాం. గాలి లేదు. అన్నయ్య ఎడమచేత్తో మెల్లగా, మణికట్టుతో, చెమ్మచెక్క ఆడే పిల్లలా విసిరాడు. పది గజాలు వెళ్లి మోడు పక్కనే చప్పుడు లేకుండా పడింది. నాకు ఈర్ష్య పుట్టింది. నేనూ తీసుకుని విసిరాను. పుసుక్కుమంది. పద్దెనిమిదో గూడు. అన్నింటికన్నా పెద్దది.

అన్నయ్య రీలు ఒళ్లో పెట్టుకుని చిక్కు తియ్యడం మొదలుపెట్టాడు. దారం లాగకూడదు, లాగితే బిగుస్తుంది. బొటనవేలితో ఉండని అదిమి పట్టి పిడి రెండు చుట్లు తిప్పి, తర్వాత ఒక్కొక్క మెలికే పైకి లేపాలి. చూస్తూ కూర్చున్నాను. పడవలో అదే ఇబ్బంది, లేచి ఇంకో గదిలోకి వెళ్లిపోవడానికి ఉండదు.

"ఆ రోజు ఫోను నేనే కట్ చేశాను" అన్నాడు తలెత్తకుండా.

2020 మే నెలలో నాన్న పోయారు. మార్చి నుంచే విమానాలు లేవు. కొరివి మా చిన్నాన్న కొడుకు పెట్టాడు. అస్థికలు కాలవలో కలిపే రోజు అన్నయ్యకి చూపించడానికి ఫోను ఎత్తి పట్టుకుని రేవులో నిలబడింది నేను. మనకి పొద్దున ఎనిమిది, వాళ్లకి ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. సరిగ్గా మూట విప్పే వేళకి తెర నల్లబడింది. తర్వాత ఫోన్ చేసి, నెట్ పోయిందన్నాడు.

"తెలుసు" అన్నాను.

"నువ్వు ఫోను నీళ్లవైపు తిప్పావు. రెండో మెట్టు కనిపించింది. నేను గాలం వేసుకుని కూర్చునే మెట్టు. నాన్న వెనకాల నిలబడి, బెండు మీంచి చూపు తియ్యకురా అనేవారు. తీసేశాను." ఇంకో మెలిక లేపాడు. "ఆ రాత్రి ఎర్ర రీలు దారమంతా లాగి గరాజులో కుప్ప పోశాను. తెల్లారిందాకా చిక్కు తీసుకుంటూ కూర్చున్నాను. మీ వదినకి తెలియదు."

నేనేమీ అనలేకపోయాను. ఎందుకంటే, ఆ మర్నాటి సంవత్సరం నేను రాసిన సీరియల్లో ఒక కొడుకున్నాడు. తండ్రి అస్థికలు కలిపే వేళకి దూరదేశంలో హాయిగా ఫోను కట్టేసి నిద్రపోతాడు. పాఠకులు ఆ కొడుకుని తిడుతూ ఎన్ని ఉత్తరాలు రాశారో! అవన్నీ దాచుకున్నాను కూడా.

"నీ సీరియల్ చదివాను" అన్నాడు. "వాడి పాత్ర బాగా రాశావే."

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. అదే నాకు కష్టమైంది.

"వాడు నిద్రపోయాడని నాకెవరూ చెప్పలేదు అన్నయ్యా. నేనే రాసుకున్నాను" అన్నాను చాలాసేపటికి.

"ఊఁ. ఈ కొస పట్టుకో."

పట్టుకున్నాను. చిక్కు వీడడానికి ఇంకో పావుగంట పట్టింది. రెండు గజాలు మాత్రం కోసెయ్యాల్సి వచ్చింది. కోసిన ముక్క నీళ్లలో పారెయ్యకూడదని అన్నయ్య జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఒక చేప పడింది, అన్నయ్యకే. తేలిక కర్ర విల్లులా వంగి, మోళ్ల దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది. కొలిస్తే పదిహేడు అంగుళాలు. ఆ చెరువులో పదహారుకీ ఇరవై నాలుక్కీ మధ్యనుండే బాస్‌ని తిరిగి నీళ్లలో వదిలెయ్యాలి. చట్టం. ఫోటో తీసి వదిలేశాం. నేను కింద చెయ్యి పెట్టి వదిలితే, ఒక్క క్షణం అరిచేతిలోనే ఆగి, తోక విసిరి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. వదిన ఉత్తచేతులు చూసి ఏమీ అనలేదు. అన్నాలు పెట్టింది. భుజం ఎలా ఉందని అడిగింది, ఫరవాలేదన్నాడు అన్నయ్య. భోజనాలయ్యాక నేను గరాజులోకి వెళ్లేసరికి వదిన అక్కడుంది. కొత్త కర్ర చేతిలో పట్టుకుని ఉంది. ఎడమచేత్తో. బొటనవేలు సరిగ్గా ఉండ మీద ఆనించి.

నన్ను చూసి కంగారుగా కర్ర గోడకి ఆనించబోయి, ఆగింది.

"మనలో మాట, ఎడమచేతి వాటం వాళ్లకయితే ఇది బాగానే ఉంటుంది కదూ?" అంది.